'ది ఆఫీస్' చివరి సీజన్‌కి ఎన్ని మార్కులు వేస్తారు?

ఫైలుకట్ట:
మూడు నెలల పైచిలుకు రోజూ రాత్రి భోజనాలయ్యాక నేనూ మా ఆవిడా రెండేసి ఎపిసోడ్లు చూస్తూ వచ్చాం. మొన్న శనివారంతో అమెరికా 'ది ఆఫీస్' (ఒక కాగితం కంపెనీ ఆఫీసు మీద డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడిచే కామెడీ సీరియల్) 201 ఎపిసోడ్లూ పూర్తయ్యాయి. నాకిది రెండోసారి, తనకి మొదటిసారి. ఎనిమిదో సీజన్ గురించి మా మధ్య పేచీ లేదు. తగాదా అంతా తొమ్మిదో సీజన్ మీదే.

నా లెక్క ఇది. ఆ ఆఫీసు మేనేజర్ మైకేల్ స్కాట్ ఏడో సీజన్ చివర్లో, 2011 ఏప్రిల్ 28న ప్రసారమైన ఎపిసోడ్‌లో వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో చొక్కాకున్న మైకు తీసి చేతిలో పెట్టేస్తాడు. ఆఫీసులో పనిచేసే పామ్ పరుగెత్తుకొచ్చి అతన్ని కౌగలించుకుంటుంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో మనకి వినపడదు. కథ అక్కడితో నిండుగా ముగిసింది. ఆ తర్వాత రెండేళ్ళు అనవసరంగా లాగారు. ఆ ఆఫీసువాడే అయిన ఆండీని మేనేజర్ కుర్చీలో కూర్చోబెట్టి, మనం వాడిమీద కాస్త ఇష్టం పెంచుకునే వేళకి పడవెక్కించి పంపేశారు. తిరిగొచ్చాక వాడు ఎవరూ భరించలేని మనిషైపోయాడు. అది చాలదన్నట్టు ఎనిమిదేళ్ళుగా మనకి ధైర్యంగా ఉన్న జిమ్, పామ్ దంపతుల మధ్య గొడవ పెట్టారు. నేను పదికి అయిదు వేశాను.

మా ఆవిడ ఎనిమిదిన్నర వేసింది. పైగా ఒక మాట అంది: "ఆ గొడవ బాగా రాయలేదని కాదు నీ బాధ, నీకు అది చూడ్డం కష్టంగా ఉంది." దీనికి నాకు జవాబు తోచలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

గోదారిగట్టు:
ఆండీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ప్రేయసి ఎరిన్‌ని వదిలేసి బహామాస్‌కి పడవ మీద పోయి, మూడు నెలలు సరిగ్గా పలకరించకుండా, వచ్చాక ఆమె తనకోసం ఎదురుచూడలేదని కక్ష కట్టడం... ఆ ఎపిసోడ్లు నేను రెండోసారి చూడలేకపోయాను.

పదోఅంతస్తు:
ఆండీ సంగతి అర్థం కావాలంటే తెర వెనక ఏం జరిగిందో చూడాలి. ఆ సమయంలో ఆండీగా వేసిన ఎడ్ హెల్మ్స్ ఒక పెద్ద సినిమా సిరీస్ మూడో భాగం షూటింగ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. నటుడు కొన్ని వారాలు దొరకడు, కాబట్టి పాత్రకి ఒక పడవ ప్రయాణం రాశారు. అంతవరకూ తప్పు లేదు. ఎన్ని సీరియళ్ళలో మనవాళ్ళని అమెరికా పంపలేదు! తప్పు తిరిగొచ్చాక చేశారు. పశ్చాత్తాపంతో వచ్చి ఉంటే సరిపోయేది. దానికి బదులు ఎరిన్ పాత స్నేహితుడు గేబ్‌నీ, ఎరిన్‌కి ఇప్పుడు దగ్గరైన పీట్ పాత స్నేహితురాలినీ అదే ఆఫీసులో ఉద్యోగానికి పెట్టి, ఆ ఇద్దరినీ ఏడిపించాలని చూస్తాడు. అది మైకేల్ చేసే తెలివితక్కువ పని లాంటిది కాదు. మైకేల్ తెలియక నొప్పించేవాడు, ఆండీ తెలిసి నొప్పించాడు. ఆ తేడా ప్రేక్షకులకి వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో విషయం. ఎనిమిదీ తొమ్మిదీ ఒకే గాటన కట్టకండి. షోని అమెరికాకి తెచ్చిన గ్రెగ్ డేనియల్స్ మధ్యలో 'పార్క్స్ అండ్ రిక్రియేషన్' పని చూసుకోడానికి పక్కకి జరిగాడు. ఎనిమిదో సీజన్ దాకా పగ్గాలు పట్టింది పాల్ లీబర్‌స్టీన్, అంటే షోలో మన టోబీగా వేసినాయన. తొమ్మిదో సీజన్‌కి డేనియల్స్ తిరిగొచ్చాడు. ఇదే ఆఖరిదని ముందే తెలిసి, ఎక్కడ ఆపాలో చూసుకుని రాసిన సీజన్ అది. ఎనిమిదికి ఆ అవకాశం లేదు. మైకేల్ కుర్చీ ఎలా నింపాలన్న టెన్షన్‌లోనే ఒక ఏడాది గడిచిపోయింది. కొత్త బాసుగా జేమ్స్ స్పేడర్‌ని తెచ్చారు, కొందరు పాత్రల్ని ఫ్లోరిడా పంపారు, కేథరిన్ టేట్‌ని తెచ్చారు. ఏదీ కుదురుగా నిలబడలేదు.

నా మార్కులు: ఎనిమిదికి నాలుగు, తొమ్మిదికి ఏడు.

తులసికోట:
ఫైలుకట్ట గారూ, మీ ఆవిడగారు అన్న మాటే నేనూ అందామనుకున్నాను. ఇది కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

పెళ్ళయిన ఆరో ఏడు మా వారికి హైదరాబాద్‌లో కొత్త కంపెనీలో అవకాశం వచ్చింది. నా ఉద్యోగం విశాఖలో. పాపకి మూడేళ్ళు. శుక్రవారం రాత్రి రైలెక్కి శనివారం పొద్దున వచ్చేవారు, ఆదివారం రాత్రి మళ్ళీ బండి. పద్నాలుగు నెలలు అలా నడిచింది. ఆ పద్నాలుగు నెలల్లో మేం పోట్లాడుకున్న ప్రతి పోట్లాటా ఏదో చిన్న విషయం మీదే మొదలైంది. గ్యాస్ బుక్ చెయ్యలేదనో, స్కూల్ ఫీజు ఆలస్యమైందనో.

'కస్టమర్ లాయల్టీ' అనే ఎపిసోడ్ 2013 జనవరిలో వచ్చింది. జిమ్ ఫిలడెల్ఫియాలో కొత్త కంపెనీ పనిలో ఉంటాడు. ఇల్లూ ఆఫీసూ ఉన్న స్క్రాంటన్‌లో పాప సీసీ డాన్స్ ప్రోగ్రాం. పామ్ ఫోన్‌లో వీడియో తీయాలి, అది సరిగ్గా రికార్డవదు. జిమ్‌కి ఆ రోజు పనిలో కూడా దెబ్బ తగిలింది. ఫోన్‌లో మాట మీద మాట పెరుగుతుంది. అక్కడ జోక్ లేదు, సంగీతం లేదు. ఇద్దరూ అలిసిపోయారు, ఇద్దరి వైపూ న్యాయం ఉంది. ఫోన్ పెట్టేశాక పామ్ ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంది.

సిట్‌కామ్‌లో ఇంత నిజమైన భార్యాభర్తల గొడవ నేను మరెక్కడా చూడలేదు. విలన్ లేడు. రెండో స్త్రీ లేదు. సమస్యల్లా ఒక ఉద్యోగం, దాదాపు 200 కిలోమీటర్ల దూరం, ముందుగా చెప్పకుండా తీసుకున్న ఒక నిర్ణయం. జిమ్ చేసిన తప్పు ఫిలడెల్ఫియా వెళ్ళడం కాదు. పామ్‌ని అడక్కుండా ఊఁ అనేశాడు. సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే పామ్ "మన బతుకు ఇలా బాగుంది" అన్న అర్థంలో మాట్లాడుతుంది, జిమ్ ముఖం మారుతుంది. ఆ తర్వాత ఫోన్ చేసి తను కంపెనీలో చేరుతున్నానని చెప్పేస్తాడు. విత్తనం అక్కడ పడింది.

చూడ్డం కష్టంగా ఉంటే అది బాగా రాశారనే అర్థం. నేను తొమ్మిది వేస్తాను.

రాత్రిషిఫ్టు:
తులసికోట గారూ, మీ పోస్టు చదివి ఆ సీన్ మళ్ళీ పెట్టుకున్నాను. అవునండీ.

ఫైలుకట్ట:
మీరు చెప్పింది కాదనలేను. అయితే అదే సీన్ చివర బ్రయాన్ వస్తాడు కదా. అక్కడే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎనిమిదేళ్ళు కెమెరా వెనక ఎవరున్నారో చూపించకుండా నడిపి, ఇప్పుడు హఠాత్తుగా బూమ్ మైకు పట్టుకునే మనిషిని ఫ్రేములోకి తెచ్చారు. పైగా అతనికి పామ్ మీద అభిమానం ఉన్నట్టు సూచనలు. ఒక పెళ్ళి కష్టంలో ఉందని చెప్పడానికి మూడో మనిషి కావాల్సి వచ్చిందంటే రచయితలకి తమ కథ మీద నమ్మకం లేదనే కదా? తులసికోట గారు విలన్ లేడన్నారు. ఉన్నాడని నేనంటాను, సగంలో వదిలేశారు.

పదోఅంతస్తు:
బ్రయాన్ కథ ఎటూ పోలేదన్నది నిజం. పామ్ వేసిన కుడ్యచిత్రం పాడుచేసిన గోడౌన్ ఉద్యోగి పామ్ మీదకి వచ్చినప్పుడు బ్రయాన్ బూమ్‌తో అడ్డుపడతాడు, ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత ఒకటి రెండుసార్లు కనపడి మాయమవుతాడు. అతన్ని పెంచడమో, అసలు పెట్టకపోవడమో చెయ్యాల్సింది.

కానీ ఆ మొదటి క్షణం మాత్రం నాకు విలువైనదే. పామ్ ఏడుస్తూ కెమెరా వైపు తిరిగి "నేనేం తప్పు చేస్తున్నాను, బ్రయాన్?" అని అడుగుతుంది. తొమ్మిదేళ్ళుగా ఎదురుగా నిలబడిన మనుషుల్లో ఒకడి పేరు ఆమెకి తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? రోజూ ఎనిమిది గంటలు వాళ్ళతోనే గడిపింది కదా. డాక్యుమెంటరీ అన్న పద్ధతిని అప్పటిదాకా జోకు పేల్చడానికే వాడారు. జిమ్ కెమెరా వైపు ఒక చూపు చూస్తే మనం నవ్వేవాళ్ళం. ఇప్పుడు అదే కెమెరా సాక్షి అయింది. 'ప్రోమోస్' ఎపిసోడ్‌లో ట్రైలర్లు చూసి, తమ గుట్టు ఎంతవరకు రికార్డయిందో తెలుసుకుని అందరూ బెంబేలెత్తిపోవడం కూడా ఇందులోంచే వచ్చింది.

బ్రిటిష్ మూలాన్ని గుర్తు చేసుకోండి. రికీ జెర్వెయిస్, స్టీఫెన్ మర్చంట్ తీసింది రెండు సిరీస్‌లు, ఆరేసి ఎపిసోడ్లు, 2003 డిసెంబర్‌లో రెండు భాగాల క్రిస్మస్ ప్రత్యేకం. మొత్తం పద్నాలుగు. ఆ క్రిస్మస్ భాగాల్లో డాక్యుమెంటరీ ప్రసారమైపోయాక ఆ మనుషులకి ఏమైందన్నదే కథ. అమెరికా వాళ్ళు పదేళ్ళ తర్వాత ఆఖరి ఎపిసోడ్‌కి అదే తలుపు తీశారు.

ఆదివారంరాత్రి:
నేను దీన్ని వేరే వైపు నుంచి చూస్తాను. మన దగ్గర ఇలాంటి పరీక్ష ఎదుర్కొన్న సిట్‌కామ్ 'అమృతం'. 2001 నవంబర్ 18 నుంచి 2007 నవంబర్ 18 వరకు జెమిని టీవీలో, 313 ఎపిసోడ్లు. అందులో అమృతరావు పాత్రని ముందు శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. ఒక్కో మార్పు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మొదటి రెండు వారాలు గొణుక్కునేవాళ్ళం, మూడో వారానికి మళ్ళీ నవ్వడం మొదలుపెట్టేవాళ్ళం.

ఎందుకలా కుదిరింది? పాత్ర అలాగే ఉంది, మనిషి మారాడు. గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు పక్కనే ఉన్నాడు, సర్వం ఉన్నాడు, అప్పాజీ ఉన్నాడు. ఇద్దరు స్నేహితులు ఏదో పథకం వేస్తారు, అది బెడిసికొడుతుంది. ఆ బండి ఎవరు తోలినా నడుస్తుంది.

'ది ఆఫీస్'లో అలా కుదరదు. అక్కడ మైకేల్‌కి ఒక జీవితం ఇచ్చారు. ఒంటరివాడు, ప్రేమ కోసం తపించేవాడు, చివరికి హాలీ దొరికి కొలరాడో వెళ్ళాడు. కథ పూర్తయిన మనిషి స్థానంలో ఇంకొకర్ని పెట్టలేరు. కుర్చీ మిగులుతుంది, అంతే. ఎనిమిదో సీజన్ ఆ కుర్చీ గురించి. తొమ్మిదో సీజన్ నాకు ఎందుకు నచ్చిందంటే, కుర్చీని పక్కనపెట్టి మిగిలినవాళ్ళ కథలు పూర్తిచేసింది. మేనేజర్ ఊళ్ళో లేకపోయినా ఆ ఆఫీసు నడిచిపోతుంది, మనకీ వెలితి అనిపించదు.

గోదారిగట్టు:
"ఆ బండి ఎవరు తోలినా నడుస్తుంది" అన్నారు, నిజమే గానీ, హనుమంతరావు గారు లేకుండా నడిచేదా? ఆయన 2018లో పోయాక, 2020లో వచ్చిన రెండో 'అమృతం'లో ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ గారు చేశారు. ఆయన ఎంత గొప్ప నటుడో వేరే చెప్పక్కర్లేదు. అయినా నా చెవి ఆ పాత గొంతు కోసమే వెతికింది. కాబట్టి పాత్ర ఉంటే చాలన్నది అన్ని పాత్రలకీ వర్తించదు.

ఆదివారంరాత్రి:
ఒప్పుకుంటున్నాను. ఆ పోలికలో నేను ఆంజనేయుల్ని మర్చిపోకూడదు.

మొండిపెన్సిల్:
ఇక్కడ అందరూ తొమ్మిదో సీజన్‌ని ఆఖరి నాలుగు ఎపిసోడ్ల చలవతో క్షమించేస్తున్నారని నా అభిప్రాయం. మొదటి సగం మళ్ళీ చూడండి. పాత ఉద్యోగులు కెల్లీ, రయాన్ మొదటి ఎపిసోడ్‌లోనే వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానంలో పీట్, క్లార్క్. పీట్‌లో చిన్న జిమ్‌నీ, క్లార్క్‌లో చిన్న డ్వైట్‌నీ (జిమ్ ఎప్పుడూ ఏడిపించే సహోద్యోగి) చూపించాలని ప్రయత్నం. ఆ పోలిక పాత్రలే నోరు తెరిచి చెప్తాయి. మనం కనిపెట్టాల్సిన దాన్ని మన చేతిలో పెట్టేశారు.

'ది ఫార్మ్' చూడండి. డ్వైట్‌తో వేరే సీరియల్ తీద్దామనుకుని దానికోసం తీసిన ఎపిసోడ్ అది. షో వేసే ఛానల్ ఎన్‌బీసీ ఆ ఆలోచన వద్దనుకుంది. అయినా కొంత మార్చి 2013 మార్చిలో వేశారు. ఎప్పుడూ చూడని డ్వైట్ బంధువులు దిగిపోతారు, వచ్చే వారం నుంచి మళ్ళీ ఎక్కడా పెద్దగా కనపడరు. ముగింపుకి రెండు నెలల ముందు ఆ ఇరవై నిమిషాలు వృథా.

సీజన్‌ని సీజన్‌గానే తూచాలి. ఆఖరి ఎపిసోడ్‌లో కన్నీళ్ళు వచ్చాయని మొత్తానికి మార్కులు కలపడం న్యాయం కాదు. నాది ఆరు.

గురువారంబ్యాచ్:
నేను 2012-13లో న్యూజెర్సీలో ఎంఎస్ చేస్తూ వారం వారం చూసినవాణ్ణి. సెప్టెంబర్ 20న మొదలైంది, మే 16న ముగిసింది. గురువారం రాత్రి రూమ్‌లో నలుగురం, ఒక లాప్‌టాప్. మధ్యలో సెలవులకి ఆపేవారు, పరీక్షలొచ్చేవి. ఆండీ పడవెక్కి పోతే అతను లేడన్న బాధ నెలల తరబడి మోశాం, తిరిగొస్తే కోపం కూడా నెలల తరబడే. పామ్, జిమ్ విడిపోతారేమో అని నిజంగా భయపడ్డాం. మా రూమ్మేట్ ఒకడు "విడగొడితే ఇంక ఈ షో పేరెత్తను" అన్నాడు.

రోజుకి రెండేసి చూసేవాళ్ళకి ఆ భయం పది రోజుల్లో తీరిపోతుంది. అందుకే ఈ మధ్య చూసినవాళ్ళు తొమ్మిదో సీజన్‌ని మాకన్నా మెత్తగా చూస్తున్నారనిపిస్తుంది. స్ట్రీమింగ్‌లో ఈ షో చూసినవాళ్ళు మామూలుగా లేరు. 2020లో ఒక్క అమెరికాలోనే 5,700 కోట్ల నిమిషాల పైన చూశారని ప్రేక్షకుల లెక్కలు కట్టే నీల్సన్ సంస్థ చెప్పింది. చాలామందికి ఇది ఎప్పుడో పూర్తయిన కథ. మాకు అది ఆ ఏడాది బతుకులో ఒక భాగం.

అయినా 'పేపర్ ఎయిర్‌ప్లేన్' చివర్లో పామ్ గొడుగు పట్టుకుని జిమ్ వెనక పరుగెత్తిన రాత్రి మేం నలుగురం కాసేపు ఏమీ మాట్లాడలేదు. జిమ్ కౌగలించుకుంటాడు, ఆమె చేతులు ముందు కదలవు. పాత పెళ్ళి దృశ్యాలు వస్తాయి. తర్వాత ఆమె కూడా గట్టిగా పట్టుకుంటుంది. ఆ కొన్ని క్షణాల ఆలస్యం రాసినవాళ్ళకి, నటించిన జెన్నా ఫిషర్‌కి, జాన్ క్రసిన్‌స్కీకి నేను ఇప్పటికీ దండం పెడతాను.

తులసికోట:
ఆ ఆలస్యమే, గురువారంబ్యాచ్ గారూ. మాటతో ఒప్పుకోవడం తేలిక. చేతులు లేవడానికి టైమ్ పడుతుంది.

మొండిపెన్సిల్ గారికి ఒక మాట. మీరన్న మొదటి సగం బలహీనతలన్నీ ఒప్పుకుంటాను. కానీ జిమ్, పామ్ కథ ఆఖరి నాలుగు ఎపిసోడ్లది కాదు. మొదటి ఎపిసోడ్ నుంచి ఆఖరిదాకా ఆగకుండా నడిచింది అదొక్కటే. అందుకే నేను దాన్ని సీజన్‌కి వెన్నెముక అంటాను.

మొండిపెన్సిల్:
అవును, ఆ వాదన బలంగా ఉంది. ఆరున్నర.

రాత్రిషిఫ్టు:
డ్వైట్, అతను ప్రేమించిన సహోద్యోగి ఏంజెలా గురించి ఎవరూ రాయలేదేం? ఆ సెనేటర్‌తో పెళ్ళి చెడి, చిన్న ఫ్లాట్‌లో పిల్లులతో, పసివాడితో ఏంజెలా పడ్డ అవస్థ చూస్తే నాకు గొంతు పట్టేసింది. రెండో సీజన్ నుంచి అందరికన్నా మెట్టు పైన నిలబడి మాట్లాడిన మనిషి ఆమె. ఆఖరికి ఆదుకున్నది సహోద్యోగి ఆస్కార్. సెనేటర్‌తో అతని సంబంధమే ఆమె సంసారాన్ని కూల్చింది, అయినా తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఇద్దరి మధ్యా ఆ క్షమాపణ కోసం ప్రత్యేకంగా సీన్ పెట్టి ఏడిపించలేదు, జరిగిపోయిందంతే. నాకు జిమ్, పామ్‌లకన్నా అదే ఎక్కువ నచ్చింది.

డ్వైట్ మేనేజర్ అయ్యాక జిమ్‌ని పక్కన పెట్టుకుని పనిచేయించుకున్న తీరు కూడా. మొదటి ఎపిసోడ్‌లో జెల్లీలో స్టేప్లర్ పెట్టి ఏడిపించినవాడే ఆఖర్లో పెళ్ళికొడుకు డ్వైట్ పక్కన నిలబడాల్సిన మనిషి అయ్యాడు. నిలబడకుండా పక్కకి జరిగితే, వెనక మైకేల్ ఉంటాడు. మైకేల్‌గా వేసిన స్టీవ్ కరెల్ అక్కడ చెప్పింది రెండు మూడు మాటలే. ఇంకో పది నిమిషాలు ఉంచి ఉంటే పెళ్ళి మైకేల్‌ది అయిపోయేది.

పదోఅంతస్తు:
కరెల్‌ని అంత తక్కువ వాడడం ఈ సీజన్‌లో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. ఇంకొకటి, మొట్టమొదటి ఎపిసోడ్ తీసిన కెన్ క్వాపిస్ చేతికే ఆఖరి ఎపిసోడ్ కూడా ఇవ్వడం. గోడమీద వేలాడే పామ్ నీటిరంగుల బొమ్మని చూడండి. మూడో సీజన్‌లో ఆమె బొమ్మల ప్రదర్శనకి ఆఫీసువాళ్ళు చాలామంది రాకపోతే మైకేల్ ఆలస్యంగా వచ్చి కొన్న బొమ్మ అది. వాళ్ళ ఆఫీసు బిల్డింగే. ఆఖర్లో వెళ్ళిపోతూ పామ్ దాన్ని గోడమీంచి తీసుకుంటుంది. ఆ బొమ్మ గురించి కొత్తగా ఏమీ వివరించరు, చూస్తూ వచ్చినవాళ్ళకి గుర్తుంటుందని వదిలేశారు.

గోదారిగట్టు:
ఆండీకి కూడా ఆఖర్లో ఒక మంచి మాట ఇచ్చారని ఒప్పుకోవాలి. మంచి రోజుల్లో ఉన్నప్పుడే ఇవి మంచి రోజులని తెలిసే దారి ఉంటే బాగుండు అంటాడు. సీజనంతా నాకు కోపం తెప్పించిన మనిషి నోట ఆ మాట విని ఏం చెయ్యాలో తోచలేదు.

ఫైలుకట్ట:
నిన్న రాత్రి తులసికోట గారి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ తర్వాత 'కస్టమర్ లాయల్టీ', 'పేపర్ ఎయిర్‌ప్లేన్' మళ్ళీ చూశాం.

నాకు ఆ ఫోన్ కాల్‌లో కొత్తగా ఒకటి కనపడింది. మొదటిసారి నేను జిమ్ వైపున్నాను. ఒక్క వీడియో సరిగ్గా తీయలేకపోయిందా అనుకున్నాను. ఈసారి చూస్తే పామ్ ఆ వారమంతా ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఆఫీసు ఒంటి చేత్తో లాగుతోంది. మా పెద్దవాడు పుట్టిన ఏడాది నేను ఎనిమిది నెలలు పుణెలో ప్రాజెక్టులో ఉన్నాను. అప్పుడు ఫోన్‌లో నేను ఏం మాట్లాడానో మా ఆవిడకి గుర్తుంది, నాకు గుర్తులేదు. నిన్న ఆ సంగతి మాట్లాడుకున్నాం. రాత్రి ఒంటిగంట అయింది.

ఆండీ కథకి నా మార్కులు మారలేదు, బ్రయాన్‌కీ మారలేదు. అవి రెండూ పాడుచేసినవే. జిమ్, పామ్ కథకి మాత్రం నేను వేసిన మార్కులు తప్పు.

'ఎ.ఎ.ఆర్.ఎం.' ఎపిసోడ్‌లో జిమ్ పామ్ చేతికి పాత ఉత్తరం ఇస్తాడు కదా, రెండో సీజన్ క్రిస్మస్ పార్టీకి టీపాట్‌లో పెట్టి, ధైర్యం చాలక వెనక్కి తీసేసుకున్నది. మా ఆవిడకి ఆ టీపాట్ సంగతి సరిగ్గా గుర్తులేదట. ఇవాళ రాత్రి అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెడుతున్నాం.

తులసికోట:
ఆవిడగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ పార్టీలో జిమ్ ఉత్తరం తీసి ప్యాంటు వెనక జేబులో పెట్టుకునే చోట కాస్త కళ్ళు పెట్టి చూడమనండి. తొందరగా అయిపోతుంది, ఒక్కోసారి దాటిపోతాం.